అలుకు నుంచి వినైల్ దాకా: శంషాబాద్ పరిసరాల్లో ఇంటినేల చరిత్ర

వ్యాససంగ్రహం:
తెలుగువారి భౌతికసంస్కృతిలో ముగ్గుకు లభించిన పరిశీలన ఆ ముగ్గును మోసిన నేలకు లభించలేదు. శంషాబాద్, హైదరాబాద్ విమానాశ్రయ పరిసరాలను కేంద్రంగా తీసుకొని ఇంటినేల అలుకు, గచ్చు, బండ, మొజాయిక్, టైల్ దశలను దాటి నేటి వినైల్ పలకకు చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నేల మారినప్పుడల్లా దానిని తయారుచేసే చేయి, కాపాడే చేయి, దానిని పిలిచే పేరు మారాయని ఇందులోని ప్రధాన ప్రతిపాదన. ఆ మార్పుల వెలుగులో నేడు వినైల్ నేలను ఎంచుకొనే గృహస్థు ఏయే ప్రశ్నలు వేసుకోవాలో చివరి భాగం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఇంటినేల, అలుకు, గచ్చు, షాబాదు బండ, తాండూరు బండ, వినైల్, శంషాబాద్, స్త్రీశ్రమ, భౌతికసంస్కృతి.

1. ఉపోద్ఘాతం:

ఇంటిని గురించి మాట్లాడేటప్పుడు మనం గోడలను, పైకప్పును, గడపను ముందుగా తలచుకుంటాం. నిజానికి మనిషి శరీరం ఇంటిలో ఎక్కువసేపు తాకేది నేలనే. కూర్చోవడం, భోంచేయడం, పడుకోవడం, పురుడు, చావు ఇవన్నీ నేల మీద జరిగిన సమాజం మనది. అయినా నేల కాలికింద ఉండటం వల్లనేమో, చరిత్ర రచనలోనూ కిందనే ఉండిపోయింది.

నేడు శంషాబాద్ చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకొనేవారు, పాత ఇంటిని మార్చుకొనేవారు దుకాణంలో చూసే నమూనాల్లో 'లగ్జరీ వినైల్' ఒకటి. చెక్కలా కనిపిస్తుంది, చెక్క కాదు. రాయిలా కనిపిస్తుంది, రాయి కాదు. ఈ వస్తువును కేవలం కొత్త మోజుగా చూసి తోసిపుచ్చవచ్చు, లేదా ఆధునికతగా మెచ్చుకోవచ్చు. ఈ రెండు మార్గాలూ చరిత్రను వదిలివేస్తాయి. ఇక్కడి నేలకు ఇది ఎన్నో మార్పు? ముందరి మార్పుల్లో ఎవరికి లాభం కలిగింది, ఎవరిపై భారం పడింది? ఈ ప్రశ్నలకు సామెతలు, జానపదకథ, కథాసాహిత్యం, వాడుకపదాలు, రైలుమార్గాల చరిత్ర, భారతీయ ప్రమాణాల పత్రాలు ఆధారాలుగా సమాధానం వెతకడం ఈ వ్యాసోద్దేశం.

2. అలుకు - రోజూ పుట్టే నేల:

శంషాబాద్ ప్రాంతం గ్రానైట్, నీస్ శిలల మీద ఉంది. గ్రానైట్ పునాదికి, గోడకు పనికివచ్చే రాయి. అయితే అది పొరలుపొరలుగా ఏర్పడిన రాయి కాదు కాబట్టి ఉలితో పలుచని పలకలుగా చీల్చడం కష్టం. చుట్టూ గుట్టలనిండా రాయి ఉన్నా సామాన్యుని ఇంటినేల మట్టినేలగానే మిగలడానికి ఈ భౌగోళిక కారణం ముఖ్యమైనది.

మట్టినేలను ముందు నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి గట్టిపరిచేవారు. తరువాత ఎర్రమన్ను, పేడ కలిపిన నీళ్లతో అలికేవారు. వాకిట్లో సానుపు చల్లడం, కడపకు జాజు పూయడం, ముగ్గు పెట్టడం ఈ పనికి కొనసాగింపు. అలికిన నేల కొన్నాళ్లకే పెళుసుబారి లేస్తుంది. కాబట్టి మళ్లీ అలకాలి. అంటే మట్టినేల ఒకసారి కట్టి వదిలేసే నిర్మాణం కాదు. నిరంతరం తిరిగి చేయవలసిన పని. ఆ పని దాదాపు పూర్తిగా స్త్రీలది.

ఈ శ్రమను తెలుగు సమాజం గమనించకపోలేదు. 'ఇల్లలకగానే పండుగ కాదు' అన్న సామెతలో అలకడం పండుగకు తొలిమెట్టు మాత్రమే. సామెత ఓపికను బోధిస్తున్నట్లు కనిపించినా, అలికిన చేతులకు పని అక్కడితో తీరదన్న లోకానుభవం అందులో ఉంది. ఇల్లలుకుతూ తన పేరు మరచిపోయిన ఈగ కథ పిల్లల కథగా ప్రచారంలో ఉంది. అదే కథాబీజాన్ని పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణికి అన్వయించారు. ఇంటిని శుభ్రపరిచే పనిలో మునిగి తన పేరునే మరచిన స్త్రీ ఆ కథలోని ప్రధానపాత్ర. జానపదకథలో హాస్యంగా ఉన్నది ఆధునిక కథలో అస్తిత్వప్రశ్న అయింది. నేల చరిత్రను స్త్రీశ్రమ చరిత్ర నుంచి విడదీసి రాయడం సాధ్యం కాదనడానికి ఈ సామెత, కథలే సాక్ష్యం.

అందువల్ల మట్టినేలను 'పర్యావరణహితం' అన్న ఒక్కమాటతో కీర్తించడం అర్ధసత్యమే అవుతుంది. అది వ్యర్థం మిగల్చని నేల, వేసవిలో చల్లని నేల, ఇంటివారే బాగుచేసుకోగల నేల. అదే సమయంలో అది ఒకరి నడుముపై, మోకాళ్లపై నిలబడిన నేల కూడా.

3. గచ్చు - పదమూ పదార్థమూ:

మట్టినేలకు పైమెట్టు గచ్చు. గానుగలో నూరిన సున్నం, ఇసుక మిశ్రమాన్ని పరిచి నునుపు చేసిన నేల ఇది. సున్నపు పనిలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడం మన ప్రాంతంలో ప్రసిద్ధమైన పద్ధతి. 'గచ్చు' అన్న మాట ఫారసీ మూలం నుంచి హిందుస్తానీ ద్వారా తెలుగులోకి వచ్చింది. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువు నాటికే అది తెలుగులో స్థిరపడిన మాట. ఇప్పటికీ సిమెంటు నేలను సైతం 'గచ్చు' అనే వారున్నారు. పదార్థం పోయినా పదం కొంతకాలం నిలవడం భౌతికసంస్కృతిలో తరచుగా కనిపించే లక్షణం.

గచ్చిబౌలి అన్న స్థలనామాన్ని గచ్చుతో కట్టిన బావి అన్న అర్థంలో వివరిస్తారు. బాహ్యవలయ రహదారిలో మొదట అందుబాటులోకి వచ్చిన భాగం గచ్చిబౌలిని శంషాబాద్‌తో కలిపింది. సున్నపు గచ్చును పేరులో మోస్తున్న ఊరి నుంచి విమానాశ్రయానికి వేసిన ఆ దారి వెంటే నేడు కొత్త నేలలు పరుచుకుంటున్నాయి.

శంషాబాద్ పేరును పాయిగా ప్రభువుల బిరుదైన 'శంసుల్ ఉమ్రా'తో ముడిపెట్టి చెబుతారు. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టిన ఫలక్‌నుమా భవనంలో ఇటలీ పాలరాయి వాడారు. ప్రభువుల మేడలో సముద్రం దాటివచ్చిన పాలరాయి, పల్లెలో పేడతో అలికిన మట్టి. నేలను చూసి ఇంటివారి స్థాయిని తెలుసుకోగల కాలమది.

4. రైలు తెచ్చిన బండ:

రాతిపలకలతో నేల పరచడం తెలుగునేలకు కొత్త కాదు. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండలో పల్నాటి సున్నపురాయిని శిల్పానికే కాక నేల పరుపులకూ వాడారు. అయితే అది విహారాలకు, రాజాశ్రయం ఉన్న కట్టడాలకు పరిమితమైన వైభవం. బండ సామాన్యుని ఇంటికి రావాలంటే రాయి దొరికే చోటు నుంచి రాయి లేని చోటికి చౌకగా మోసుకువచ్చే సాధనం కావాలి.

భీమా నది పరివాహకంలోని సున్నపురాతి పొరలు నేటి కర్ణాటకలోని కలబురగి జిల్లా నుంచి తెలంగాణలోని తాండూరు వరకు విస్తరించి ఉన్నాయి. ఈ రాయి పొరలుగా ఏర్పడింది కాబట్టి గునపంతో, ఉలితో సమమైన పలకలుగా లేస్తుంది. 1874లో వాడి-సికింద్రాబాద్ రైలుమార్గం ప్రారంభమైంది. తాండూరు ఆ దారిలోనే ఉంది. షాబాదు వాడికి సమీపంలో, బొంబాయి వైపు వెళ్లే మార్గం మీద ఉంది. బరువైన సరుకును ఎద్దులబండిపై వందకు పైగా కిలోమీటర్లు తేవడం సామాన్యునికి అసాధ్యం. రైలు ఆ దూరాన్ని సాధ్యం చేసింది. రాయిని తొలిచింది కూలీ అయినా, దానిని ఇంటినేలగా మార్చింది రైలు.

ఇక్కడ పేరు గురించి ఒక వివరణ అవసరం. 'షాబాదు బండ' అన్న పేరు కలబురగి జిల్లాలోని షాహాబాద్ నుంచి వచ్చింది. శంషాబాద్‌కు సమీపంలో, రంగారెడ్డి జిల్లాలోనే షాబాద్ అన్న మండలకేంద్రం ఉండటం వల్ల, తెలుగు ఉచ్చారణలో రెండు పేర్లూ ఒకటి కావడం వల్ల బండ ఇక్కడిదేనన్న పొరపాటుకు అవకాశం ఉంది. దక్షిణాన కర్నూలు, కడప ప్రాంతాల్లో బేతంచెర్ల బండ, కడప నల్లరాయి ఇదే పాత్రను నిర్వహించాయి. ఆంధ్రప్రాంతంలో 'నాపరాయి' అన్న పేరు ప్రచారంలో ఉంటే, హైదరాబాద్ పరిసరాల్లో ఊరిపేరే రాతిపేరు అయింది.

బండ రాకతో అలుకు తగ్గింది. ఊడ్చి, తడిగుడ్డ పెడితే చాలు. నిత్యశ్రమ తగ్గడం స్త్రీల పక్షాన నిజమైన లాభం. కానీ నేలను తయారుచేసే నేర్పు ఇంటి నుంచి గనికి, మేస్త్రీ చేతికి తరలింది. బండలను మట్టం చూసి పరచడం, దర్జులు నింపడం మేస్త్రీ విద్య. ఇంటివారి శ్రమ తగ్గినచోట గనికూలీ శ్రమ పెరిగింది. తాండూరులో బండను కోసి మెరుగుపెట్టే పని ఊరికి జీవనాధారమైంది. రాతిదుమ్ము, బురదవ్యర్థాల గుట్టలు కూడా దానితోపాటే వచ్చాయి. మన ఇంటి నునుపు మరొక ఊరి దుమ్ము అన్న సంగతి బండ దశలోనే మొదలైంది.

5. సిమెంటు, మొజాయిక్, టైల్:

అదే సున్నపురాయి మరో రూపంలోనూ ఇంటినేలకు చేరింది. షాబాదులో సిమెంటు కర్మాగారం వెలసింది. 1936లో పలు కంపెనీల కలయికతో ఏర్పడిన ఏసీసీలో షాబాదు సిమెంటు కంపెనీ ఒకటి. బండగా వచ్చిన రాయి ఇప్పుడు కాల్చిన పొడిగా సంచుల్లో వచ్చింది. సిమెంటు నేలకు ఎరుపు, నలుపు రంగులు కలిపి నునుపు తేల్చడం, ఆపై రాతిముక్కలు కలిపిన మొజాయిక్ పరచడం వాడుకలోకి వచ్చాయి. రంగు సిమెంటు పలకల తయారీలో 1922లో బొంబాయిలో ప్రారంభమైన భారత్ ఫ్లోరింగ్స్ స్వదేశీ భావంతో ముడిపడిన సంస్థగా పేరుపొందింది.

స్వాతంత్ర్యానంతరం నేల ప్రభుత్వ ప్రమాణాల పరిధిలోకి వచ్చింది. సిమెంటు కాంక్రీటు నేలపలకలకు ఐఎస్ 1237 తొలిసారి 1959లో వెలువడింది. సున్నపురాతి పలకలకు ఐఎస్ 1128, వినైల్ ఆస్బెస్టాస్ పలకలకు ఐఎస్ 3461, వంగే గుణమున్న వినైల్ పరుపుకు ఐఎస్ 3462 ఉన్నాయి. మన నేల చరిత్రకు ఈ అంకెలు ఒక విధమైన శాసనాలు. వినైల్ విమానాశ్రయంతో హఠాత్తుగా ఊడిపడిన వస్తువు కాదని, చాలా ముందే ఇక్కడి వ్యవస్థలో దానికి స్థానం ఏర్పడిందని ఇవి తెలుపుతున్నాయి.

తరువాతి దశలో రాజస్థాన్ పాలరాయి, కరీంనగర్, చీమకుర్తి గ్రానైట్లు, గుజరాత్‌లోని మోర్బి నుంచి వచ్చే విట్రిఫైడ్ టైల్స్ మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. గ్రానైట్‌ను యంత్రంతో కోయగలగడం వల్ల ఉలికి లొంగని రాయి నేలకు లొంగింది. శంషాబాద్ గుట్టల్లోని గ్రానైట్ జాతి రాయే, దూరపు గనుల నుంచి నునుపుదేలి, లారీల్లో తిరిగి శంషాబాద్‌కు వచ్చింది.

6. విమానాశ్రయం - కొత్త ఇళ్లు:

సుమారు 5,500 ఎకరాల్లో నిర్మించిన రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చి 23న విమానాల రాకపోకలకు తెరుచుకుంది. దీనికి ముందే, 1996 నాటి 111వ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. శంషాబాద్ మండలంలోని పలు గ్రామాలు దీని కిందికి వచ్చాయి. 2022లో 69వ జీవో ఈ ఆంక్షలను తొలగించే దిశగా వెలువడింది. ఒకవైపు రహదారి వెంట కాలనీలు పెరగడం, మరోవైపు ఆంక్షలున్న పల్లెలు నెమ్మదిగా మారడం వల్ల ఒకే మండలంలో నాలుగు తరాల నేలలు పక్కపక్కన నిలిచే పరిస్థితి ఏర్పడింది.

విమానాశ్రయం వల్ల ఉద్యోగరీత్యా వచ్చిపోయే కుటుంబాలు, అద్దె ఇళ్లు పెరిగాయి. ఉన్న టైల్‌ను పగలగొట్టకుండా దానిపైనే పరచగలగడం, పని ఒకటి రెండు రోజుల్లో ముగియడం, కావాలంటే ఊడదీయగలగడం వినైల్‌కు ఇటువంటి చోట అనుకూలించే గుణాలు. బండకు రైలు ఎలాంటిదో, వినైల్‌కు ఈ కదిలే జీవితం అలాంటిది. నేల స్థిరత్వానికి ప్రతీక అన్న భావన నుంచి, మనిషితోపాటు మారగల నేల అన్న భావనకు మనం వచ్చాం.

7. వినైల్ - పొర, బొమ్మ, పొడి:

1926లో అమెరికాలో వాల్డో సెమన్ గట్టి పీవీసీని మెత్తపరిచే విధానాన్ని కనుగొన్నారు. 1933 నాటి చికాగో ప్రదర్శనలో వినైల్ నేల ప్రజల ముందుకు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తరువాత ఆస్బెస్టాస్ కలిపిన వినైల్ పలకలు పాశ్చాత్యదేశాల ఇళ్లలో విరివిగా పరుచుకున్నాయి. ఆస్బెస్టాస్ ప్రమాదం తెలిసినాక వాటిని ఊడదీయడమే పెద్ద సమస్య అయింది. నేలను పరిచిన తరం పొందిన సౌకర్యానికి దానిని తొలగించిన తరం మూల్యం చెల్లించింది.

నేటి లగ్జరీ వినైల్ పలక పొరలతో కూడినది. అన్నిటికంటె పైన అరుగుదలను తట్టుకొనే పారదర్శకపు పొర, దాని కింద చెక్కనో రాయినో ముద్రించిన పలుచని బొమ్మపొర, దాని కింద ప్రధానభాగం, అడుగున ఆధారపొర ఉంటాయి. కంటికి కనిపించే 'చెక్క' నిజానికి అచ్చు. ముగ్గు విషయంలోనూ ఇదే జరిగింది. గడపముందు అంటించే స్టిక్కర్ ముగ్గు కూడా ప్లాస్టిక్ పొరపై అచ్చైన బొమ్మే. చేయి గీసినది, చేయి అలికినది రెండూ అచ్చుగా మారడం ఒకే చారిత్రక క్రమంలోని రెండు ఘట్టాలు.

'ఎస్పీసీ' అని పిలిచే గట్టిరకం పలకలో ప్రధానభాగం సగానికి మించి సున్నపురాతి పొడి. మిగిలినది ప్రధానంగా పీవీసీ. నాగార్జునకొండలో పలకగా, గచ్చులో కాల్చిన సున్నంగా, షాబాదు బండగా, సిమెంటుగా మన పాదాల కిందికి వచ్చిన సున్నపురాయే ఇక్కడ ప్లాస్టిక్‌లో కలిసిన పొడిగా మళ్లీ వచ్చింది. రాయి మారలేదు. రాయికీ మనకూ మధ్య ఉన్న సంబంధం మారింది. బండను తిరగేసి వాడవచ్చు, మళ్లీ మెరుగుపెట్టవచ్చు, ఊడదీసి పెరట్లో పరచవచ్చు. పైపొర అరిగిన వినైల్ పలకను మెరుగుపెట్టడం కుదరదు. తీసివేయడమే మార్గం. సున్నం, ప్లాస్టిక్ విడదీయరాని విధంగా కలిసిపోయినందున దాని పునర్వినియోగమూ కష్టం.

8. ఎంపికకు చరిత్ర చెప్పే ప్రమాణాలు:

పై చర్చ వినైల్‌ను నిరాకరించడానికి ఉద్దేశించినది కాదు. మెత్తగా ఉండటం, చలికాలంలో బండంత చల్లగా తగలకపోవడం మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు మేలు. తుడవడం సులువు. ప్రతి నేలను అడగవలసిన నాలుగు ప్రశ్నలను దీనినీ అడగాలి.

మొదటిది మన్నిక. పలక మొత్తం మందం కన్న పైపొర మందం ముఖ్యం. ఇంటిగదులకు 0.3 మిల్లీమీటర్ల పైపొర, రాకపోకలు ఎక్కువగా ఉండేచోట 0.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించినది సాధారణంగా సూచిస్తారు. 'లగ్జరీ' అన్నది వ్యాపారవర్గీకరణే కాని నాణ్యతకు హామీ కాదు.

రెండవది వాతావరణం, నీరు. మే నెల ఎండలో బండ ఇచ్చే చల్లదనం వినైల్ ఇవ్వదు. పడమటి ఎండ నేరుగా పడే అద్దాల గదిలో అది వ్యాకోచిస్తుంది, రంగు వెలుస్తుంది. కాబట్టి గోడల వెంట ఖాళీ విడవాలి. పలకలోకి నీరు ఇంకకపోయినా అతుకుల గుండా కిందికి చేరిన నీరు అక్కడే నిలుస్తుంది. కింది నేల చెమ్మ లేకుండా, మట్టంగా ఉండటం తప్పనిసరి. విమానాల మోతను ఈ నేల తగ్గిస్తుందన్న ఆశ కూడా సరికాదు. అడుగున వేసే మెత్తటి పొర అడుగుల చప్పుడు కింది అంతస్తుకు చేరకుండా కొంత ఆపుతుంది. కిటికీ గుండా వచ్చే ధ్వనికి మందు కిటికీలోనే ఉంది.

మూడవది ఆరోగ్యం. పసిపిల్లలు పాకే నేల ఇది. పీవీసీని మెత్తపరచడానికి థాలేట్లు వాడారా, స్థిరీకరణకు సీసం వాడారా, జిగురు నుంచి ఏ వాయువులు వెలువడతాయి అన్నవి అడిగి, పరీక్షాపత్రాలు చూసి నిర్ణయించాలి. మన దేశంలో పీవీసీ పైపులలో సీసపు వాడకంపై 2021లో నియమాలు వచ్చాయి. నీటిగొట్టం విషయంలో చూపిన జాగ్రత్త నేల విషయంలోనూ సమంజసమే.

నాలుగవది శ్రమ, వ్యర్థం. ఈ నేల ఎవరి పనిని తగ్గిస్తుంది, ఎవరికి పని మిగుల్చుతుంది? ఇంట్లో అలికే చేతికి విశ్రాంతి దొరికిందా, లేక తుడిచే పని జీతానికి వచ్చే మరో స్త్రీకి మారిందా? ఇరవై ఏళ్ల తరువాత ఊడదీసిన పలకలు ఏ ఊరి చెత్తగుట్టకు చేరతాయి? ఈ ప్రశ్న దుకాణంలో ఎవరూ అడగరు కాబట్టే చరిత్రకారుడు అడగాలి.

9. ముగింపు:

శంషాబాద్ పరిసరాల ఇంటినేల చరిత్రను పరిశీలించినప్పుడు మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. నేల మార్పుకు అభిరుచి కన్న రవాణా బలమైన కారణం. రైలు బండను, లారీ టైల్‌ను, విమానాశ్రయం చుట్టూ ఏర్పడిన జీవనం వినైల్‌ను తెచ్చాయి. ప్రతి మార్పూ ఇంటిలోని స్త్రీశ్రమను కొంత తగ్గించి, మిగిలిన భారాన్ని కంటికి కనబడని చోటికి, గనికి, కర్మాగారానికి, రాబోయే తరానికి తరలించింది. మూడవది భాషకు సంబంధించినది. అలుకు, సానుపు, దిమ్మిస, గచ్చు, దర్జు అన్న మాటల స్థానంలో 'ఫ్లోరింగ్' అన్న ఒక్కమాట మిగులుతున్నది. తొలి మాటలు పనిని చెబుతాయి. చివరి మాట సరుకును చెబుతుంది.

తాండూరు, షాబాదు ప్రాంతాల గనికార్మికుల, బండలు పరిచే మేస్త్రీల, అలికిన స్త్రీల వృత్తిపదాలను, జ్ఞాపకాలను సేకరించడం ఇప్పుడు తక్షణ అవసరం. నేల మీద కూర్చొని ఆ మాటలు చెప్పగల తరం ఇంకా మన మధ్య ఉంది.